పాతాళానికి దారి బెలుం మీదుగా...

భూమి కింద ఏముంది?

ఈ ప్రశ్న అడగని పిల్లలుండరు. దీనికి జవాబు చెప్పని తాతయ్యలూ ఉండరు. అతలం, వితలం, సుతలం, తలాతలం, మహాతలం, రసాతలం, పాతాళం... ఒకదాని కింద ఒకటి ఏడు లోకాలున్నాయంటుంది పురాణం. బలి చక్రవర్తి సుతలానికి వెళ్లాడు. రామలక్ష్మణుల్ని మైరావణుడు పాతాళానికి ఎత్తుకుపోతే ఆంజనేయుడు అక్కడికీ వెతుక్కుంటూ వెళ్లాడు. ఇక 1951లో వచ్చిన 'పాతాళభైరవి' సంగతి చెప్పక్కర్లేదు. సముద్రాల అవతలా అంతే. 1862లో ఇంగ్లండులో లూయీ కరోల్ పడవ షికారులో ముగ్గురు చిన్నారులకు చెప్పిన కథలో ఆలిస్ అనే పిల్ల కుందేలు బొరియలోకి జారి కిందికే వెళ్తుంది. ఆ కథకు ఆయన మొదట పెట్టుకున్న పేరు 'భూమి అడుగున ఆలిస్ సాహసాలు' అనే అర్థం వచ్చేదే!

ఏ దేశపు పిల్లలైనా సరే, కిందికి దిగి చూడాలనే అనుకుంటారు. మరి టిక్కెట్టు కొనుక్కుని నిజంగా దిగి చూసే పాతాళం ఏదైనా ఉందా? ఉంది. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలే అవి. ఈసారి సంక్రాంతి సెలవుల్లో తొమ్మిదేళ్ల మా మేనకోడలి వెంట వాటిలోకి వెళ్లొచ్చాను. తనను నేను తీసుకెళ్లాననే కంటే నన్నే తను తీసుకెళ్లిందనడం సబబు.

మనింటి కింద గుహ ఉందా?

మా అన్నయ్య వాళ్లది సికింద్రాబాద్‌లోని బౌద్ధనగర్. నాన్న కూడా అక్కడే ఉంటారు. ఆయన దగ్గర బైండు చేయించిన పాత చందమామలున్నాయి. రోజూ రాత్రి అన్నాలయ్యాక మనవరాలికి అందులోంచి ఒక భాగం చదివి వినిపిస్తారు. కిందటేడు దాసరి సుబ్రహ్మణ్యం గారి 'పాతాళదుర్గం' మొదలుపెట్టారు. 1960ల్లో చందమామలో సీరియల్‌గా వచ్చిన ఆ కథ కోసం మా చిన్నతనంలో మేమూ నిద్ర ఆపుకున్నవాళ్లమే.

ఆదివారం ఉదయాల్లో తాతా మనవరాలూ ఉస్మానియా క్యాంపస్‌లో నడకకు వెళ్తుంటారు. ఆర్ట్స్ కాలేజీ చుట్టుపక్కల రాళ్లు చూసి తను అడిగిందట... "తాతయ్యా, మనింటి కింద కూడా గుహ ఉంటుందా?" అని. "ఉండదమ్మా, మన కింద ఉన్నది గట్టి గ్రానైటు" అన్నారు నాన్న. తార్నాక దాటి ఉప్పల్ వైపు వెళ్తుంటే కనిపించే ఎన్‌జీఆర్‌ఐ పేరు మీరు వినే ఉంటారు. భూమి లోపల ఏముందో పరికరాలతో పసిగట్టడమే 1961లో మొదలైన ఆ సంస్థ పని. హైదరాబాద్ కింద ఉన్న గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. నీళ్లు దాన్ని పగలగొట్టగలవు, ఒరిపిడితో నున్నగా చేయగలవు గానీ ఉప్పులా కరిగించలేవు. అందుకే మనకు గుట్టలూ, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండలూ తప్ప పెద్ద గుహలు లేవు.

సున్నపురాయి అలా కాదు. వాననీరు గాలిలోంచీ మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ నీరు సున్నపురాతి పగుళ్లలోకి దిగి, లక్షల ఏళ్ల పాటు కొంచెం కొంచెంగా రాయిని కరిగించుకుపోతుంది. పగులు సందవుతుంది, సందు సొరంగమవుతుంది. బెలుం పుట్టింది అలాగే. ఇంకో సంగతి... పాత ఇళ్లలో మనం కాళ్ల కింద పరుచుకున్న బేతంచెర్ల నాపరాళ్లు కూడా ఆ ప్రాంతపు సున్నపురాళ్లే. ఇది తెలిసినప్పటి నుంచీ మా మేనకోడలు ఇంట్లో గచ్చును అదోలా చూడటం మొదలుపెట్టింది.

మిగతాది నువ్వు చెప్పు

ప్రయాణానికి ముందు రోజు రాత్రి నాన్న కథను సరిగ్గా సొరంగం దగ్గర ఆపేశారు. "రేపు నువ్వే దిగుతున్నావుగా... మిగతాది చూసొచ్చి నాకు చెప్పు" అన్నారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. అన్ని మెట్లు దిగి ఎక్కడం కుదరదు. గుహ దాకా వస్తారు గానీ లోపలికి రారు.

కర్నూలు మీదుగా బనగానపల్లె దాటి కొలిమిగుండ్ల వైపు వెళ్తుంటే అంతా చదునైన నేల. నాపరాళ్ల గనులు, అంచుల్లో గుట్టలుగా పోసిన రాతిముక్కలు. కొండ ఉంటుందేమో, దానికో గుహ ఉంటుందేమోనని పిల్ల కిటికీలోంచి చూస్తూనే ఉంది. బెలుంలో కొండ ఉండదు. పొలాల మధ్య నేలలోనే బావుల్లాంటి గోతులుంటాయి. వాటిలో ఒకదానికి మెట్లు కట్టారు. అదే దారి. దానికి ముందు ఆరుబయట పెద్ద బుద్ధ విగ్రహం కూర్చుని ఉంటుంది. "తాతయ్యా, మన బౌద్ధనగర్ బుద్ధుడు ఇక్కడున్నాడు!" అని కేక పెట్టింది. ఒకప్పుడు ఈ గుహల్లో బౌద్ధ, జైన సన్యాసులు ఉండేవారు. ఇక్కడ దొరికిన బౌద్ధ అవశేషాలు అనంతపురం మ్యూజియంలో ఉన్నాయి.

నాన్న చెట్టు నీడ చూసుకుని కూర్చున్నారు. మేమిద్దరం మెట్లు దిగాం.

ఒక్కో గదీ ఒక్కో లోకం

మొదటి పది నిమిషాల్లోనే బయటి ప్రపంచం చప్పుడు ఆగిపోతుంది. ఉక్కపోత, తేమ వాసన. లోపలికి గాలి అందే ఏర్పాటు చేసి, పసుపుపచ్చ దీపాలు పెట్టారు కాబట్టి భయం లేదు. చూసినవాళ్లు ఒక్కో చోటికీ ఒక్కో పేరు పెట్టారు. సింహం తలలా ఉన్న రాతి కమాను సింహద్వారం. లెక్కకు మించి శివలింగాల్లాంటి రూపాలున్నది కోటిలింగాలు. పడగ విప్పిన పాముల్లా పైకప్పంతా పరుచుకున్నవి వేయి పడగలు. "ఇది నాగలోకం అత్తా" అని పేరు మార్చేసింది మా పిల్ల. పైనుంచి ఊడలు దిగినట్టున్న చోటును ఊళ్లోవాళ్లు ఊడలమర్రి అంటారు. తడితే లోహంలా మోగే రాళ్లున్నది సప్తస్వరాల గుహ. సన్యాసులు కూర్చునేవారని చెప్పే ధ్యానమందిరంలో రాయి మంచంలా, దిండులా ఉంటుంది.

ఒకచోట దారి ఇరుకైంది. పైకప్పు కిందికి దిగింది. పెద్దవాళ్లు నడుం వంచాలి. అక్కడ ఆగిపోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని "అత్తా, నేను రాను" అంది. బతిమాలలేదు, 'భయమెందుకు' అని కోప్పడనూ లేదు. కావాలంటే వెనక్కి వెళ్లిపోదామన్నాను. కాసేపు ఆలోచించింది. "మరి తాతయ్యకు ఏం చెప్పాలి?" అంది. ఆ మాట నన్ను అడిగినట్టు లేదు. ఇంకో నిమిషం నిలబడి, తనే ముందు నడిచింది.

ఆ దారి చివర పాతాళగంగ. గుహ ముఖద్వారం నుంచి 46 మీటర్ల లోతు. పదిహేనంతస్తుల మేడను తలకిందులుగా నేలలోకి దింపినంత! అక్కడ సన్నటి నీటిపాయ ఒకటి పారుతూ పారుతూ రాళ్ల సందులోకి దూరి మాయమైపోతుంది. అది రెండు కిలోమీటర్ల అవతల బెలుం ఊళ్లోని బావికి చేరుతుందని అక్కడివాళ్ల నమ్మకం. పిల్ల వంగి, నీళ్లు మాయమైన చోటు వైపు చాలాసేపు చూసింది. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. బొమ్మల సినిమా చూస్తున్నంత సేపూ ప్రశ్నలతో చంపే పిల్ల అది.

తండ్రీ కొడుకుల తవ్వకాలు

బెలుం గురించి 1884లో మొదట రాసిపెట్టినవాడు రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త. ఆ రోజుల్లోనే బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో ఆయనా, ఆయన కొడుకు హెన్రీ తవ్వకాలు జరిపారు. ఇంట్లో పెద్దా చిన్నా కలిసి గుహల్లోకి దిగడం కర్నూలు సీమకు కొత్త కాదన్నమాట. ఆ తర్వాత దాదాపు వందేళ్లు బెలుంను పట్టించుకున్నవాళ్లు లేరు. చెత్త పారబోసే చోటుగా కూడా మిగిలింది. 1982, 83ల్లో జర్మనీకి చెందిన డేనియల్ గెబావర్ బృందం లోపల తిరిగి కొలతలు తీసింది. 1988లో ప్రభుత్వం దీన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. రాష్ట్ర పర్యాటకాభివృద్ధి సంస్థ బురద తీయించి, దారులు వేసి, 2002 ఫిబ్రవరిలో జనానికి తెరిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. మనం నడవగలిగేది అందులో దాదాపు కిలోమీటరున్నర.

సప్తస్వరాల గుహలో మా పిల్ల ఒక రాతి ఊడను కొట్టి చూడబోయింది. ఆపి, లెక్క చెప్పాను. నీటిచుక్క వెంట వచ్చిన సున్నం కాస్త కాస్త పేరుకుని అలాంటి ఊడ ఒక్క సెంటీమీటరు పెరగడానికి వందేళ్లు, అంతకుమించి కూడా పట్టొచ్చు. చేతి జిడ్డు అంటుకున్నా ఆ పెరుగుదల దెబ్బతింటుంది. చాలాచోట్ల గోడల మీద పేర్లు చెక్కి ఉన్నాయి. వాటిని చదివి "వీళ్ల తాతయ్య వీళ్లకు కథలు చెప్పలేదా?" అంది. కథల్లో పాతాళానికి వెళ్లినవాడు అక్కడివి ముట్టుకుంటే ఏమవుతుందో తనకు బాగా తెలుసు మరి!

పైకొచ్చేసరికి చెమటతో తడిసి ముద్దయ్యాం. నాన్న లేచి నిలబడి ఉన్నారు. ఆయన్ని కూర్చోబెట్టి, ఎదురుగా బాసింపట్టు వేసుకుని మొదలుపెట్టింది... "అక్కడ నాగలోకం ఉంది తాతయ్యా. అది దాటితే దారి చిన్నదైపోతుంది. నాకు భయమేసింది. అయినా వెళ్లాను..." ఇరుకు దారిని ఇంకాస్త ఇరుకు చేసింది, నీటిపాయను నది చేసింది. నాన్న ఎక్కడా అడ్డు చెప్పలేదు. నలభై నిమిషాల పాటు ఊఁ కొడుతూనే ఉన్నారు.

మీరూ వెళ్తారా?

హైదరాబాద్ నుంచి కర్నూలు సుమారు 215 కిలోమీటర్లు. అక్కడి నుంచి బెలుం మరో 106. తాడిపత్రి నుంచైతే 30 కిలోమీటర్లే. ఎండాకాలం దారిలో ఎండ మండిపోతుంది కాబట్టి చలికాలం నయం. నూలు బట్టలు, జారని చెప్పులు, మంచినీళ్లు, టార్చి ఉండాలి. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు పైనే ఉండటం మంచిది. బనగానపల్లె దగ్గర యాగంటి కూడా చూసి రావచ్చు.

ఇంకొక్క మాట. బయల్దేరే ముందు రోజు రాత్రి పిల్లలకు ఏదో ఒక కథ మొదలుపెట్టి మధ్యలో ఆపేయండి. మిగతాది తిరిగొచ్చాక వాళ్లనే చెప్పమనండి.