రాయవేలూరు దారిలో అక్కకు రాసిన ఉత్తరాలు

ఆరోగ్యవరం, శనివారం

అక్కా,

మదనపల్లెలో బస్సు దిగి ఆరోగ్యవరం వెళ్లాలంటే ఆటో అతను "శానిటోరియమే కదా, ఎక్కండి" అన్నాడు. చాలా క్రైస్తవ మిషన్లు చేతులు కలిపి 1915లో క్షయ ఆసుపత్రిగా పెట్టినది ఇది. డెన్మార్కు నుంచి వచ్చిన డాక్టరు ఫ్రిమోట్ మోలర్ దీన్ని నిలబెట్టాడు. చెట్ల కింద చాలాసేపు తిరిగాను. ఎండాకాలంలో కూడా గాలి హాయిగా ఉంది. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉన్న పొడినేల. ఆ రోజుల్లో ఈ గాలే మందు.

స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టింది 1943లో. అంతవరకూ క్షయరోగికి డాక్టరు ఇవ్వగలిగినవి గాలి, మంచి తిండి, విశ్రాంతి, ఓపిక. దగ్గే మనిషికి కంచం, చెంబు విడిగా పెట్టి వసారాలో ఓ మూలకు చేర్చే కాలం అది. నయమవుతుందన్న హామీ ఏమీ లేకుండానే ఇక్కడివాళ్లు నెలల తరబడి జ్వరాలు చూశారు, పక్కలు మార్చారు, కఫం గిన్నెలు ఎత్తారు. ఫలితం కనబడే చోట సేవ చేయడం ఎవరికైనా కొంత తేలిక. వీళ్లు అది కనబడకముందే చేశారు.

రేపు పుంగనూరు, పలమనేరు, చిత్తూరు మీదుగా వేలూరు బస్సు.

వేలూరు, సోమవారం

అక్కా,

గాంధీ రోడ్డులో లాడ్జి దొరికింది. ఈ వీధిలో తెలుగు వినబడని గంట లేదు. చిత్తూరు, కడప, నెల్లూరు వాళ్లు స్కాన్ ఫైళ్లు చంకన పెట్టుకుని తిరుగుతుంటారు. వాళ్ల పక్కనే బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు మెట్ల మీద స్టవ్వు పెట్టి అన్నం వండుకుంటాయి. సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రి గేటు ముందు తెల్లారకముందే జనం.

దీన్ని స్థాపించిన ఐడా స్కడర్ కథ మనకు సండే స్కూల్లోనే చెప్పారు. 1890ల తొలినాళ్లలో తిండివనంలో ఒక రాత్రి ముగ్గురు మగవాళ్లు ఒకరి తర్వాత ఒకరు తలుపు తట్టారు. వాళ్లలో ఒక బ్రాహ్మణుడు, ఒక ముస్లిం, మరో పెద్దకులపాయన ఉన్నారు. ముగ్గురి భార్యలకూ కాన్పు కష్టమై ప్రాణాల మీదికి వచ్చింది. ఐడా తండ్రి డాక్టరే, కానీ మగ డాక్టరు వద్దన్నారు. ఆ అమ్మాయికి వైద్యం రాదు. తెల్లారేసరికి ఆ ముగ్గురు ఆడవాళ్లూ పోయారు. చిన్నప్పుడు ఆ మూడు తలుపు చప్పుళ్ల దగ్గరే నా మనసు ఆగిపోయేది. ఇక్కడ నిలబడితే ఆ తర్వాతి ఏళ్లే నాకు పెద్దవిగా కనిపిస్తున్నాయి. ఆమె ఏడ్చి ఊరుకోలేదు. అమెరికా వెళ్లి కార్నెల్‌లో చదివి 1899లో డాక్టరైంది. మరుసటేడు తిరిగొచ్చి ఒక్క మంచంతో మొదలుపెట్టింది. జాలి ఆ రాత్రే ఉంది ఆమెకు. చేతిలో లేని పని నేర్చుకోవడానికి అన్నేళ్లు పట్టింది.

1909లో నర్సింగు బడి, 1918లో ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టింది. ముగ్గురైనా దరఖాస్తు పెడతారా అని ప్రభుత్వ వైద్యాధికారికి అనుమానం. 151 దరఖాస్తులు వచ్చాయి! మన గుంటూరులో అన్నా కుగ్లర్‌దీ ఇదే తోవ. 1883లో వచ్చింది, సొంత ఆసుపత్రి తెరిచేసరికి 1898. నువ్వు నర్సింగు చదివింది ఆవిడ నాటిన చెట్టు నీడలోనే.

గుడియాత్తం రోడ్డు వైపు చాలాదూరం నడిచాను. ఐడా వారం వారం బండి కట్టించుకుని ఈ దారిన వెళ్లి, చింతచెట్ల కింద ఆగి పుళ్లు కడిగి కట్లు కట్టేది. మంచి సమరయుడి కథలో గాయానికి నూనె పోసిన సంగతి అందరికీ గుర్తుంటుంది. పూటకూళ్లవాడికి డబ్బిచ్చి, తిరిగొచ్చేటప్పుడు మిగతాది ఇస్తానన్న సంగతి మాత్రం మరుస్తాం. వచ్చే వారం కూడా అదే చెట్టు కిందికి రావడమే రోగికి కావలసింది.

మంచాన ఉన్న అమ్మకు వీపు మీద ఎర్రబడిందన్నావు. తగ్గిందా? ఫోనులో నీ గొంతు బాగా అలసినట్టుంది.

కరిగిరి, బుధవారం

అక్కా,

ఈ ఉత్తరం నీకోసమే కాదు, అమ్మకు చదివి వినిపించు.

కరిగిరి కుష్ఠు ఆసుపత్రి 1955 నాటిది. దీని వెనక పెద్ద కథ ఉంది. పాల్ బ్రాండ్ అనే ఎముకల సర్జన్ 1946లో వేలూరు వచ్చాడు. పెద్దరోగం వస్తే వేళ్లు కుళ్లి రాలిపోతాయని ఊరంతా నమ్మే రోజులు. ఆయన రోగుల చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఒక్కొక్క వేలూ చూశాడు. కండ కుళ్లడం లేదు, నరం మొద్దుబారింది. నొప్పి తెలియక వేడి గిన్నె పట్టుకుంటున్నారు, మేకు మీద నడుస్తున్నారు. కొందరికి రాత్రికి రాత్రే వేలి ముక్కలు పోతుంటే కాపలా ఉండి చూశారు. ఎలుకలు కొరుకుతుంటే రోగికి మెలకువే రావడం లేదు. వాళ్ల గుడిసెలకు పిల్లుల్ని తెచ్చి ఇచ్చారు! 1948 నుంచి ఆయన ముంజేతి కండరపు స్నాయువును (టెండన్‌ను) వేళ్లకు మళ్లించి కుట్టి, వంకరపోయిన చేతుల్ని తెరిపించాడు. 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన డాక్టరు మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చునే ఇలాంటి చేతులకు ఆపరేషన్లు చేసింది.

ఈ పొద్దున నేను చూసింది చెబుతాను. అరుగు మీద ఒక పెద్దాయన ప్లాస్టిక్ తొట్టెలో పాదాలు నానబెట్టుకుని కూర్చున్నాడు. జబ్బు ఎప్పుడో నయమైంది, స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. కాసేపయ్యాక సిస్టరమ్మ పీట వేసుకుని ఎదురుగా కూర్చుని ఒక పాదం ఒళ్లోకి తీసుకుంది. గరుకురాయితో మడమ మీద గట్టిపడిన చర్మం రుద్దింది. తడి ఆరకముందే నూనె రాసింది. వేళ్ల సందులు ఒక్కొక్కటే విడదీసి చూసింది. చిటికెన వేలి కింద చిన్న చీలిక కనబడితే ఆయన మొహంలోకి చూసి గట్టిగానే కోప్పడింది: "నిన్న రాత్రి చూసుకోలేదా?" ఆయన నవ్వి తల దించుకున్నాడు. తర్వాత మెత్తటి రబ్బరు అట్ట ఉన్న చెప్పుల్లో చెయ్యి పెట్టి, లోపల రాయి, ముల్లు ఏమైనా ఉన్నాయేమోనని తడిమింది.

యేసు శిష్యుల కాళ్లు కడిగిన సంగతి మన చర్చిలో ఏడాదికోసారి చదువుతాం. ఇక్కడ అది రోజూ జరిగే పని. ఆ కోప్పడటంలో ఉన్న ప్రేమ నాకు కళ్లనీళ్లు తెప్పించింది. ఒకప్పుడు ఎవరూ తాకని పాదం మీద ఇప్పుడు ఒక చీలిక వస్తే బాధపడే మనిషి ఉంది.

ఎల్లుండి కాట్పాడిలో రైలెక్కుతాను. వచ్చిన రోజు నుంచి రాత్రి వంతు నాది. రెండు గంటలకోసారి అమ్మను పక్కకు ఎలా తిప్పాలో, మడమలు పరుపుకు ఒత్తుకోకుండా దిండు ఎక్కడ పెట్టాలో నాకు చేసి చూపించు. తప్పు చేస్తే ఆ సిస్టరమ్మలాగే కోప్పడు. నువ్వు మాత్రం ఒక వారమైనా పడుకో.

తమ్ముడు