మా వదినె పంపిన నవల

పోయిన శ్రావణంలో, శుక్రవారం నాడు నేను పోలెలకు పూర్ణం రుబ్బుతుంటే సెల్‌ఫోను టింగుమన్నది. జడ్చర్లలో ఉన్న మా వదినె వాట్సాప్‌లో ఏదో పంపింది. ఆవిడ పంపేవి నాకు తెలిసినవే. పొద్దున్నే గులాబీపువ్వు మీద శుభోదయం, మధ్యాహ్నం మోకాళ్ళనొప్పులకు మెంతుల చిట్కా, రాత్రికి ఎవరో స్వామివారి ప్రవచనం. చేతులు కడుక్కుని తీరిగ్గా చూద్దాంలే అనుకున్నాను. ఐదు నిమిషాలు గడిచాయో లేదో, ఆవిడే ఫోను చేసింది.

"చూసినవా? నవల పంపిన. మస్తుగున్నదే! నడుమ రెండు చోట్ల ఏడ్చిన. నువ్వు గూడ గిట్ల రాయరాదు?"

తెరిచి చూద్దును కదా, అది నా నవలే!

2009లో అచ్చయిన నా మొట్టమొదటి నవల. ఎవరో ఓపిగ్గా పేజీపేజీకీ ఫొటో తీసి పీడీఎఫ్ కట్టారు. పై అట్టా, నా పేరున్న పేజీ మాత్రం లేవు. కథ తిన్నగా ఐదో పేజీనుంచి మొదలవుతుంది. అందువల్ల పాపం మా వదినెకు అది ఎవరు రాసిందో తెలియలేదు. అప్పట్లో నేను సంతకం చేసి ఇచ్చిన ప్రతి ఏమయిందంటారా? ఇంటికి రంగులు వేయించినప్పుడు పాత పేపర్లతోపాటు కిలో లెక్కన వెళ్ళిపోయిందని ఆవిడే ఓసారి నోరుజారి చెప్పింది.

నాకు నోట మాట రాలేదు. "చదువుతాలే వదినె" అని ఫోను పెట్టేశాను. మావారితో చెబితే, "పోనీలే, పదహారేళ్ళకైనా చదివింది" అన్నారు. ఈ మగవాళ్ళకు అక్కచెల్లెళ్ళు ఏం చేసినా ముద్దే! సంగతి వాళ్ళక్కకు చెప్పనని ఆయనచేత ఒట్టు వేయించుకుని, ఆ రాత్రి కాగితం కలం తీసుకుని లెక్క కట్టాను. ఆ పీడీఎఫ్ వచ్చిన గుంపులో రెండు వందల ముప్పై మంది ఆడవాళ్ళున్నారట. పుస్తకం వెల నూటయాభై. నాకు వచ్చేది నూటికి పది, అంటే పదిహేను రూపాయలు. మొత్తం మూడు వేల నాలుగు వందల యాభై. మూడు గ్యాసు సిలిండర్లు వచ్చి పైన చిల్లర మిగిలేది. నవ్వకండి. రెండేళ్ళు వంటింట్లో కూర్చుని రాసిన నవలకు ఆ మూడు సిలిండర్లు కూడా నాకు రాలేదు మరి.

నల్లగొండ కోర్టులో మా మేనమామ కొడుకు వకీలు. మర్నాడే వెళ్ళి నా గోడు వెళ్ళబోసుకున్నాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "కాపీరైటు చట్టం, 1957. అరవైమూడో సెక్షను. తెలిసి చేస్తే ఆరు నెలలనుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేలనుంచి రెండు లక్షల దాకా జుర్మానా. వ్యాపారానికి చేసింది కాదని తేలితే జడ్జిగారు తగ్గించొచ్చు. ఇగ చెప్పు మరదలా, ముద్దాయి నంబర్ ఒకటి ఎవరు?" అన్నాడు.

"మా వదినె."

"సాక్ష్యం?"

"ఇదిగో, ఫోన్లో ఉందిగా."

"ఫోన్లో ఉన్నంత మాత్రాన సరిపోదు. ఇదివరకు సాక్ష్య చట్టంల 65బి అని ఉండె. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం వచ్చింది. అందులో గూడ అరవైమూడో సెక్షనే, చూడు తమాషా! ఏ యంత్రంలకెల్లి తీసినవో చెప్తూ సర్టిఫికెట్టు జత చెయ్యాలె. పెట్టుమంటవా కేసు?"

నా కళ్ళముందు మా వదినె, ఆవిడ మోకాళ్ళనొప్పులు, మెంతులు, జైలు గోడలు ఒక్కసారిగా కదిలాయి. "వద్దులే బావా" అన్నాను. కానీ కడుపులో మంట చల్లారితేగా?

అక్కడినుంచి దేవరకొండ బస్సెక్కి మా అమ్మ దగ్గరికి వెళ్ళాను. నిజానికి నాకు ఒక అనుమానం పట్టుకుంది, అది తేల్చుకోవడానికే వెళ్ళాను. మా అమ్మ ట్రంకుపెట్టెలో పదహారు పుస్తకాలున్నాయి. వాటిలో ఒక్కటీ అంగట్లో కొన్నది కాదు. వారపత్రికల్లో వచ్చిన సీరియళ్ళను వారం వారం చింపి దాచి, కథ ముగిశాక దబ్బనంతో పొడిచి, పురికొసతో కుట్టి, మైదాపిండి ఉడికించి, పాత చీర చెంగు అట్టకు అంటించి బైండు చేసుకున్నవి. యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, ఎవరి నవలైనా సరే, చీర రంగును బట్టి మా ఇంట్లో దాని పేరు. "ఆకుపచ్చది ఎవరికిచ్చినవే?" అంటే ఫలానా నవల అన్నమాట. ప్రతిదాని మొదటి పేజీలోనూ మా అమ్మ సిరాతో రాసుకుంది: "ఈ పుస్తకము నా సొంతము. చదివి తిరిగి ఇవ్వవలెను. పేజీలు మడవరాదు." ఆ పుస్తకాలు మా గల్లీలో పన్నెండిళ్ళు తిరిగేవి. నేను తెలుగు నేర్చింది ఎన్జీ కాలేజీ బి.ఏ.లో కాదు, ఆ చీర చెంగుల్లో.

మరి అమ్మ కూడా దొంగేనా?

బావకు ఫోను చేసి అడిగితే పకపకా నవ్వాడు. అత్తమ్మ నిర్దోషి అన్నాడు. పత్రిక కొన్నది, కొన్న కాగితాన్ని కుట్టింది. ఒకసారి అమ్ముడుపోయిన ప్రతిని కొన్నవాళ్ళు ఇరుగమ్మకిచ్చినా, పొరుగమ్మకమ్మినా రచయితకు అడ్డుపడే హక్కు లేదట. రోజుకు పావలా తీసుకుని నవలలు అద్దెకిచ్చిన లైబ్రరీల మీద కూడా ఏ రచయిత్రీ కేసు వేయలేకపోయింది అందుకే. ఆకుపచ్చది పక్కింట్లో ఉందంటే మా ఇంట్లో లేనట్టు. పీడీఎఫ్ అట్లా కాదు. వదినె నాకు పంపినా ఆవిడ దగ్గర ఉండనే ఉంటుంది. ఒక్కసారి వేలు నొక్కితే రెండు వందల ముప్పై ప్రతులు పుడతాయి. చట్టం పట్టుకునేది ఆ పుట్టుకనే. ఒక్కదానివే చదువుకుంటే సొంత వాడకం అనొచ్చు, గుంపులో పెడితే అనలేం, అని బావ తేల్చేశాడు.

ఈ సంగతంతా మా అమ్మకు వివరంగా చెప్పాను. అంతా విని, "కుట్టకుంట, జిగురు పెట్టకుంట అది బుక్కెట్లయితది బిడ్డా?" అంది. ఇప్పటికీ జవాబు తోచలేదు.

బస్సులో తిరిగి వస్తూ చాలాసేపు ఆలోచించాను. మనం వస్తువుకు డబ్బు పెట్టినంత సులువుగా లోపలి సరుక్కు పెట్టం. ఇరవై వేలు పోసి ఫోను కొంటాం, దానికి గాజుపొర, తొడుగు, నెలనెలా రీచార్జి. దుకాణం అబ్బాయి "నూట ఇరవై ఎనిమిది జీబీ మేడమ్" అంటే మురిసిపోతాం. ఆ జీబీల్లో పెట్టుకునే కథ మాత్రం ఊరికే రావాలి! మా తాతగారి కాలంలో రేడియో ఇంట్లో ఉంటే పోస్టాఫీసుకు వెళ్ళి లైసెన్సు కట్టేవారట. పాట వినడానికి సర్కారుకు పన్నా అని ఆయన గొణిగేవాడట. 1980ల నడిమికి ఆ లైసెన్సులు పోయాయి. డెన్మార్కులో 1946 నుంచీ, బ్రిటనులో 1979 చట్టం తర్వాతా, గ్రంథాలయంలోంచి పుస్తకం జనం చదువుకున్నందుకు రచయితకు సర్కారే ఇంత అని ముట్టజెబుతుందిట. చదివేవాళ్ళకు ఖర్చు లేదు, రాసేవాళ్ళకు నష్టం లేదు. ఇట్లాంటిది మనకూ ఉంటే నేను మా వదినెను ఎంత ప్రేమగా చూసుకునేదాన్నో!

అట్లాగని హక్కుదారులు చెప్పిందల్లా న్యాయమని నేను అనను. అమెరికాలో 2009 జూలైలో అమెజాన్ వాళ్ళు, హక్కులేని వారెవరో అమ్మకానికి పెట్టారని, జనం డబ్బిచ్చి కొనుక్కున్న పుస్తకాన్ని వాళ్ళ కిండిల్ యంత్రాల్లోంచి రాత్రికి రాత్రి తీసేసుకున్నారు. డబ్బు వాపసు ఇచ్చారనుకోండి. ఆ పుస్తకం జార్జి ఆర్వెల్ రాసిన 1984 కావడం దేవుడి పరాచికం. మా అమ్మ ట్రంకుపెట్టెలోంచి ఆకుపచ్చదాన్ని ఎవరైనా తీసుకుపోదురుగాక, చూద్దాం! ఢిల్లీ విశ్వవిద్యాలయం దగ్గరి జిరాక్సు దుకాణం మీద పెద్ద పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు 2012లో దావా వేస్తే, పిల్లల చదువు కోసం తీసిన నకళ్ళు తప్పు కాదని 2016లో హైకోర్టు అన్నది. ఆ వార్త చదివి నేను సంతోషించాను. కాలేజీలో నేను చదివినవన్నీ జిరాక్సులే మరి.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. మా పాలమూరు సీమవారే సురవరం ప్రతాపరెడ్డిగారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక తెచ్చిన మహానుభావుడు. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, తెలుగుకు అదే మొదటిది. అప్పటికి ఆయన లేరు, 1953లోనే పోయారు. రచయిత పోయిన మరుసటి ఏడాదినుంచి అరవై ఏళ్ళు హక్కు ఉంటుంది కనుక, 2014 నుంచి ఆ పుస్తకం అందరి సొత్తు. నిద్ర పట్టని రాత్రుల్లో నేను దాన్ని ఫోన్లోనే చదువుకుంటాను, పైసా ఇవ్వకుండా. సులోచనారాణిగారు 2018లో వెళ్ళిపోయారు. ఆమె నవలలకు ఆ స్వేచ్ఛ రావాలంటే 2078 దాటాలి. అప్పటికి మా అమ్మ కుట్టిన పురికొస నిలుస్తుందా?

మన నల్లగొండనుంచే 1922లో నీలగిరి అనే పత్రిక వచ్చింది. ఒక్క సంచికైనా నేను కళ్ళారా చూడలేదు. అప్పుడు ఎవరైనా దాన్ని దొంగతనంగానైనా నకలు తీసి ఇంటింటికీ పంచి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది. ఈ మాట అనగానే నా పీడీఎఫ్ గుర్తొచ్చి నోరు మూసుకుంటాను.

ఇంతలో దసరా దాటాక ఓ ప్రచురణకర్త నా నవలను మళ్ళీ వేస్తానన్నారు. "ఫైలు పంపండి" అన్నారు. ఫైలంటే గుర్తొచ్చింది, సీడీలో ఉంది. మా కొత్త ల్యాప్‌టాప్‌కు సీడీ పెట్టుకునే అర లేదు. విడిగా ఓ డబ్బా కొని తగిలించాను. సీడీ తెరుచుకుంది. అప్పట్లో పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో కొట్టిన నవల అది. ఆ ఫాంట్లు లేని యంత్రంలో నా నాయిక కన్నీళ్ళన్నీ ఇంగ్లీషు అక్షరాలై, డాలర్లై, బాణం గుర్తులై బారులు తీరాయి. సరే, పాత కంప్యూటరులో ఉంటుంది కదా అని అటక మీదినుంచి దింపించాను. స్విచ్చి వేస్తే టక్ టక్ టక్ అని చప్పుడు. క్లాక్ టవర్ దగ్గర రిపేరు చేసే పిల్లవాడు చెవి ఆనించి విని, నాడి చూసిన వైద్యుడిలా పెదవి విరిచాడు. "హార్డ్ డిస్కు పోయింది మేడమ్. లోపల గుండ్రటి పళ్ళెం తిరుగుతుంటది, దానిమీద సూది లాంటిది తేలుతుంటది. అది తగిలి గీసుకపోయింది. హైదరాబాదు పంపాలె, పదిహేను వేలు. వస్తదని గ్యారంటీ లేదు" అన్నాడు. పదిహేను వేలు! వెయ్యి ప్రతులు అమ్ముడుపోతే నాకొచ్చే సొమ్ము!

పోనీ అచ్చు పుస్తకం చూసి మళ్ళీ కొట్టిద్దామంటే నా దగ్గరున్న ఒక్కగానొక్క ప్రతిని చెదలు చివరి మూడు ప్రకరణాలూ ఆరగించి పెట్టాయి. స్నేహితురాళ్ళకు ఫోన్లు చేశాను. అందరూ "ఇక్కడే ఉండాలే" అన్నారు. ఒక్కరింట్లోనూ దొరకలేదు.

మీకు అర్థమయే ఉంటుంది. వదినె పంపిన పీడీఎఫ్ తీసి, డి.టి.పి. అమ్మాయికి ఇచ్చాను. సిగ్గుపడుతూనే ఇచ్చాను. ఆ అమ్మాయి కొత్తగా యూనికోడులో కొడుతుంటే పక్కన కూర్చుని పేజీలు చూశాను. అంతకుముందు కోపంతో చూశానేమో, ఏమీ కనబడలేదు. పేజీని అదిమిపట్టిన బొటనవేలు ఒకటి అంచున పడింది. ఆడమనిషి వేలు. గోటి సందున పసుపు. యాభై ఏడో పేజీ మీద నూనె మరక. నూట పన్నెండో పేజీలో పెన్సిలుతో చిన్న ప్రశ్నగుర్తు. ఎందుకా అని చూస్తే, అక్కడిదాకా సుభద్ర అని ఉన్న పిన్నిగారు అక్కడినుంచి సుశీల అయిపోయింది! రాసిన నేను చూడలేదు, దిద్దినవాళ్ళు చూడలేదు, అచ్చువేసినవాళ్ళు చూడలేదు. ఈ పసుపు వేలావిడ చూసింది. కొత్త అచ్చులో పిన్నిగారు చివరిదాకా సుభద్రే.

ఆవిడకు ఒక ప్రతి పంపాలని నాకు మహా కోరిక. "ఆ నవల గుంపుల పెట్టిందెవరు వదినె?" అని ఏమీ ఎరగనట్టు అడిగాను. "ఎవలో పెట్టిన్రు, నాకేమెరుక" అంది.

సంక్రాంతికి పుస్తకం వచ్చింది. ఈసారి అట్ట మీద నా పేరు పెద్దక్షరాలతో వేయించి, మొదటి ప్రతి జడ్చర్లకు పోస్టులో పంపాను. నాలుగో రోజు పొద్దున్నే ఫోను మోగింది.

"ఇది నువ్వు రాసిందా?"

"అవును వదినె."

అటువైపు చాలాసేపు మాట లేదు. గడియారం చప్పుడు కూడా నాకు వినిపిస్తోంది.

"మరి గా కథల... మరదలిని గంత సతాయించే ఆడబిడ్డ ఉంటది సూడు... అది నేనేనా?"

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి ఫోను పెట్టేశాను.