అత్తగారి జబ్బు లెక్కలోకి వస్తుందా?

అక్టోబరు వచ్చేసరికి రాజమండ్రి దేవీచౌక్‌లో దసరా ఫ్లెక్సీల పక్కన గులాబీరంగు ఫ్లెక్సీలు లేస్తాయి. ఉచిత శిబిరమనో, సగం ధరకే మామోగ్రామ్ అనో, భార్యాభర్తలిద్దరికీ కలిపి హెల్త్ ప్యాకేజీ అనో రాసుంటుంది. ఆ నెలంతా దానవాయిపేటలో ఒక సర్జన్ క్లినిక్ గుమ్మం ముందు చెప్పులు కుప్పపడతాయి. చాలా ఏళ్ళుగా రొమ్ము జబ్బులు చూస్తున్న ఆ డాక్టరమ్మను వచ్చినవాళ్ళు అడిగేది ఒకటే: "నేనూ చేయించుకోవాలాండీ?"

ఆవిడ వెంటనే జవాబు చెప్పరు. వయసెంత అంటారు. గడ్డేమైనా చేతికి తగిలిందా అంటారు. ఆ తర్వాత చుట్టరికాలు ఆరా తీయడం మొదలుపెడతారు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కూడా అంత తవ్వరు.

తణుకు నుంచి వచ్చిన స్కూలు టీచరుకు ముప్పై రెండేళ్ళు. ఏ బాధా లేదు, ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదు. ప్యాకేజీలో ఉంది కదా అని మామోగ్రామ్ తీయించుకుంది. ఆ వయసులో రొమ్ములో కొవ్వు తక్కువ, పాలగ్రంథుల కణజాలం ఎక్కువ. ఫిలిం మీద అది తెల్లగా పడుతుంది. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. రిపోర్టులో 'ఇంకా పరీక్షలు అవసరం' అని రాశారు. స్కానింగ్ అయింది, ముక్క పరీక్ష అయింది, చివరికి ఫైబ్రో అడినోమా అని తేలింది. అది కాన్సర్ కాదు, కాన్సర్‌గా మారేదీ కాదు. ఈలోపు ఆ అమ్మాయి పదిరోజులు అన్నం సరిగా తినలేదు, అత్తవారింట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆ వయసులో, ఏ లక్షణమూ, కుటుంబ చరిత్రా లేనివాళ్ళకు ఈ పరీక్షను ఏ దేశమూ సిఫారసు చేయదు. బ్రిటన్‌లో యాభై దాటాకే మొదలుపెట్టి మూడేళ్ళకోసారి పిలుస్తారు. అమెరికా నిపుణుల సంఘం 2024లో వయసు తగ్గించి, 40 నుంచి 74 దాకా రెండేళ్ళకోసారి అంది. ముప్పై రెండు ఎక్కడా లేదు, ప్యాకేజీ కరపత్రంలో తప్ప.

పాలకొల్లు దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చిన పెద్దావిడ కథ వేరు. ఆవిడకు అరవై ఒకటి. కూతురు డల్లాస్‌లో ఉంటుంది. "ఇక్కడ అందరూ చేయించుకుంటారమ్మా, నువ్వూ వెళ్ళు" అని వారం వారం ఫోన్‌లో పోరు. "నాకేం రోగం ఉందని? సుబ్బరంగా తిరుగుతున్నాను కదండీ" అని ఆవిడ వాదన. నిజానికి ఆ మాటలోనే స్క్రీనింగ్ అంటే ఏమిటో ఉంది. సుబ్బరంగా తిరిగేవాళ్ళ కోసమే ఆ పరీక్ష. బాధ ఉన్నవాళ్ళకు చేసేదాన్ని స్క్రీనింగ్ అనరు.

డాక్టరమ్మ ఆవిడకు లెక్క చెప్పారు. బ్రిటన్‌లో సర్ మైకేల్ మార్మట్ ఆధ్వర్యంలో ఒక నిపుణుల బృందం 2012లో తేల్చిన లెక్క అది. యాభై ఏళ్ళ ఆడవాళ్ళు 10,000 మందిని ఇరవై ఏళ్ళపాటు పరీక్షకు పిలిస్తే 43 మంది ఈ జబ్బుతో చనిపోకుండా బయటపడతారు. 129 మందికి మాత్రం, బతికున్నన్నాళ్ళూ ఏ ఇబ్బందీ పెట్టకుండా పడి ఉండే కాన్సర్‌ను వెతికి పట్టుకుని, కోసి, కరెంటు పెట్టి, మందులిస్తారు. మన దగ్గర ఈ జబ్బు అక్కడికంటే తక్కువ కాబట్టి ఆ 43 ఇంకా తగ్గుతుంది.

పెద్దావిడ శ్రద్ధగా విన్నారు. "అయితే నేను ఆ నలభైమూడులో ఉంటానో, ఆ నూట ఇరవైతొమ్మిదిలో ఉంటానో ఎలా తెలుస్తుందండీ?"

"తెలీదమ్మా. ఎక్కువమంది రెంటిలోనూ ఉండరు."

ఇంత సూటిగా అడిగే రోగులు తక్కువ, ఇంత సూటిగా చెప్పే డాక్టర్లు ఇంకా తక్కువ. రాత్రంతా ఆలోచించుకుని మర్నాడు వచ్చారావిడ. చేయించుకుంటానన్నారు. లాభనష్టాలు బేరీజు వేసుకుని కాదట. కూతురు అక్కడ నిద్రపోవడం లేదట. అది తక్కువ కారణమేమీ కాదు.

ఊరికి వస్తున్నామని ఆవిడ శుభ్రంగా తయారై, పౌడరు రాసుకుని వచ్చారు. పౌడరు రేణువులు ఫిలిం మీద తెల్లచుక్కల్లా పడతాయి. మొదటి దశ కాన్సర్‌లో కనిపించే సున్నపు చుక్కలూ అలాగే ఉంటాయి. మిషను దగ్గరి అమ్మాయి తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమంది. సూత్రాలు తీయనంటే బలవంతపెట్టకుండా గొలుసును వెనక్కి తిప్పి వీపుమీద వేసి, పిన్నీసుతో కుదించింది. ఒక్కో వైపు పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, మొత్తం నాలుగు ఫిలిములు. రెండు పలకల మధ్య నొక్కి పట్టేది కొన్ని సెకన్లే. "అప్పడంలా అయిపోయిందమ్మా" అని ఆవిడ బయటికి వచ్చి నవ్వారు. ఎడమవైపు ఏదో నీడ ఉందని స్కానింగ్ చేస్తే నీటితిత్తి. ఎన్నేళ్ళొచ్చేదాకా ఇలా తిరగాలని అడిగితే డెబ్బై అయిదు దగ్గర ఆపేయొచ్చన్నారు డాక్టరమ్మ.

ఇలాంటి తీరుబడి చర్చలు ఆ క్లినిక్‌లో రోజూ జరగవు. అమలాపురం వైపు నుంచి వచ్చిన నలభై ఏడేళ్ళ మనిషి రొమ్ములో గడ్డ ఉందని ఎనిమిది నెలల ముందే చూసుకుంది. కూతురి పెళ్ళి కుదిరింది, ఈ మాట బయటికొస్తే సంబంధం తప్పిపోతుందని నోరు మెదపలేదు. పైగా, "నొప్పేం లేదు కదండీ." నొప్పి లేకపోవడమే ఆ గడ్డ ఎత్తు. మధ్యలో ఒక శిబిరంలో మామోగ్రామ్ తీశారు, ఏమీ లేదన్నారు. ఆ కాగితాన్ని ఆమె బీరువాలో పట్టుచీరల కింద దాచుకుంది. ఆరోజు గడ్డ ఉందని ఆమె చెప్పలేదు, చేత్తో చూసినవాళ్ళూ లేరు. పది కాన్సర్లలో ఒకటో రెండో మామోగ్రామ్‌కు దొరకవు. చేతికి గడ్డ తగిలితే ఫిలిం ఏం చెప్పినా సరే స్కానింగ్, ముక్క పరీక్ష జరగాల్సిందే. 'సూది తగిలితే పాకిపోతుంది' అన్న భయానికి ఆధారం లేదు. పెళ్ళయ్యాక వచ్చేసరికి గడ్డ చంకలోకి పాకింది. ముందు మందు ఎక్కించి, తర్వాత ఆపరేషను చేసి, ఆ తర్వాత కరెంటు పెట్టాల్సి వచ్చింది.

2022 అంచనాల ప్రకారం దేశంలో ఆ ఏడాది దాదాపు 1,92,000 మందికి రొమ్ము కాన్సర్ వచ్చింది, 98,000 మంది దానితో చనిపోయారు. ఇద్దరికి ఒకరు. అమెరికాలో జబ్బు చాలా ఎక్కువ, చావులు ఆ నిష్పత్తిలో లేవు. ఈ తేడా అంతా మామోగ్రామ్ మిషన్ల వల్ల వచ్చింది కాదు. చేతికి గడ్డ తగిలాక ఆస్పత్రి గడప తొక్కడానికి పట్టే నెలల వల్ల కూడా వచ్చింది.

ఇక చుట్టరికాల సంగతి. ద్రాక్షారామం నుంచి ఒక ముప్పై ఎనిమిదేళ్ళ ఇల్లాలు అత్తగారిని మందు ఎక్కించడానికి తీసుకొచ్చేది. ఫారంలో తన కుటుంబంలో ఎవరికీ లేదని రాసింది: అమ్మకు లేదు, అక్కచెల్లెళ్ళకు లేదు. రొమ్ము జబ్బు అమ్మవైపు నుంచే వస్తుందని చాలామంది నమ్మకం. నాన్నవైపు నుంచీ అంతే వస్తుంది. డాక్టరమ్మ ఎందుకో అడిగారు: "మీది మేనరికమా?"

"ఆయ్, మా నాన్నగారి సొంత అక్కేనండి."

అత్తగారి జబ్బు కోడలి లెక్కలోకి రాదు. మేనత్త జబ్బు వస్తుంది. గోదావరి జిల్లాల్లో ఇద్దరూ ఒకరే కావడం అరుదేమీ కాదు. ఆ అత్తగారికి నలభై మూడేళ్ళకే మొదటిసారి జబ్బు వచ్చింది కాబట్టి ముందు ఆవిడకే జన్యుపరీక్ష చేయించారు. జబ్బు ఉన్న మనిషికి మొదట చేస్తేనే మిగతావాళ్ళ ఫలితాలకు అర్థం ఉంటుంది. బీఆర్‌సీఏ జన్యువులో లోపం దొరికింది. కోడలికి ఆ లోపం ఉండే అవకాశం నాలుగింట ఒకటి. కొడుక్కి సగానికి సగం. కోడలికి లేదని తేలింది. ఆమె మిగతా ఆడవాళ్ళలాగే నలభై దాటాక తీరిగ్గా ఆలోచించుకోవచ్చు. కొడుక్కి ఉంది! కిరాణాకొట్టు నడుపుకునే ఆ మనిషి రిపోర్టు పట్టుకుని, "మగాళ్ళకి కూడానా అండీ?" అన్నాడు. మగవాళ్ళకు అరుదుగా వస్తుంది. పిల్లలకు అందించడంలో మాత్రం ఆడామగా తేడా లేదు. వాళ్ళమ్మాయికి పద్నాలుగేళ్ళు. పెద్దయ్యాక తనే నిర్ణయించుకుని పరీక్ష చేయించుకోవాలి. ఉందని తేలితే ఇరవై అయిదు నుంచే ఏడాదికోసారి ఎంఆర్ఐ. నలభై దాకా ఆగే వెసులుబాటు ఆమెకు ఉండదు.

మిషన్ లేని ఊళ్ళ మాటేమిటి? 1998లో ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి డాక్టర్ ఇంద్రనీల్ మిత్ర లక్షన్నర మంది బస్తీ స్త్రీలతో ఒక పరిశోధన మొదలుపెట్టారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. ఇరవై ఏళ్ళ ఫలితాలు 2021లో వచ్చాయి. యాభై దాటినవాళ్ళలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి; అంతకంటే చిన్నవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా లేదు. తెలుగునేల మీద డాక్టర్ పి. రఘురామ్, తల్లి పేరు మీద 2007లో పెట్టిన ఉషాలక్ష్మి బ్రెస్ట్ కాన్సర్ ఫౌండేషన్ తరఫున, 2012 నుంచి 2016 దాకా పల్లెల్లో ఈ చేతి పరీక్షే చేయించారు. ముప్పై దాటిన స్త్రీలకు అయిదేళ్ళకోసారి ఇలా చూడాలన్నది 2016 నుంచి కేంద్రప్రభుత్వ మార్గదర్శకం.

చేత్తో చూసేది ఊరి ఏఎన్ఎం. ఆమె పని గడ్డను పట్టుకోవడం దగ్గర అయిపోదు. కోనసీమలో ఒక లంక గ్రామంలో యాభై మూడేళ్ళ కూలీమనిషికి గడ్డ ఉందని జులైలో అనుమానించి చీటీ రాసిచ్చింది. ఆగస్టులో గోదారి పొంగింది, పడవలు ఆగాయి. సెప్టెంబరులో భర్తకు పని దొరికింది, తోడు వచ్చేవాళ్ళు లేరు. ఏఎన్ఎం వదల్లేదు, చివరికి తనే సెలవు పెట్టి, రేవు దాటించి, బస్సెక్కించి తీసుకొచ్చింది. రెండు సెంటీమీటర్ల కాన్సర్. రొమ్ము తీసేయకుండా గడ్డ వరకే తీశారు, ఖర్చు ఎన్టీఆర్ వైద్యసేవలో పోయింది. ఆమెకు ఇప్పుడు ఏటా మామోగ్రామ్ తప్పనిసరి. ఆ తేదీని డాక్టరమ్మ వరద నెలలు తప్పించి, నాట్లూ కోతలూ కూడా చూసుకుని, ఫిబ్రవరిలో వేశారు.