పక్క పలక

రాత నేర్పేది పంతులు ఒక్కడే కాదు, పక్కన కూర్చున్న పిల్లవాడి పలక కూడా. ఆ పలక చూసే వీలు ఎవరికి దక్కిందో, ఎవరికి దక్కలేదో అడిగితే మన చదువుల చరిత్ర సగం తెలుస్తుంది.

1823లో బళ్ళారి కలెక్టర్ క్యాంప్‌బెల్ తన జిల్లాలోని 533 బడుల గురించి నివేదిక రాశాడు. తెలుగు, కన్నడ వీధిబడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవారు. ముందు నేర్చినవాడు వెనక వచ్చినవాడికి చూపేవాడు. ఈ పద్ధతిని ఇంగ్లండు సైతం అనుకరించిందని ఆయన మెచ్చుకున్నాడు. కానీ చాలాచోట్ల ఆ ఇసుక దగ్గరికి మాల మాదిగ బిడ్డల్ని రానివ్వలేదు.

సాతారా బడిలో బాబాసాహెబ్ విడిగా గోనెపట్టా మీద కూర్చునేవారు. బడి ఊడ్చే మనిషి దాన్ని ముట్టడు గనుక రోజూ ఇంటికి మోసుకుపోయి మళ్ళీ తెచ్చుకునేవారు. ప్యూను లేకపోతే నీళ్ళు లేవు. ఆ నీళ్ళ సంగతి మనం తరచూ చెప్పుకుంటాం. విడిగా కూర్చున్న బిడ్డకు పక్కవాడి రాత కనబడదన్న సంగతి చెప్పుకోం.

ద్వారకలో మేము కూలీల పిల్లలకు సాయంత్రాలు చదువు చెబుతాం. తెలుగు జిల్లా నుంచి వచ్చిన ఒక బాబు హిందీ రాస్తూ, మన తలకట్టులాగే ఒక్కో అక్షరానికీ విడిగా పైగీత పెట్టేవాడు. మేము ఎంత చెప్పినా మారలేదు. పక్కనున్న బీహారు పిల్ల మాటంతా రాసి, చివర ఒకే గీత లాగడం నాలుగు రోజులు చూశాడు. ఐదో రోజు తనూ అలాగే లాగాడు.

అందుకే ఉచిత సీట్ల పిల్లలకు వేరే వేళ, వేరే గది అని ఏ బడైనా అంటే మేము ఒప్పుకోం. 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద, అణగారిన పిల్లలకిచ్చింది. వాళ్ళను తరగతిలో వేరుచేయకూడదనీ, వేరే చోట, వేరే సమయంలో పాఠాలు పెట్టకూడదనీ కేంద్రం 2010 నమూనా నియమాలు చెబుతున్నాయి. 2012లో సుప్రీంకోర్టు ఈ 25 శాతాన్ని చాలావరకు నిలబెట్టింది.

సీటు వచ్చిందని మన తల్లిదండ్రులు అక్కడితో ఆగిపోతున్నారు. ఒకసారి బడికి వెళ్ళి, మన బిడ్డ ఎవరి పక్కన కూర్చుంటున్నాడో కళ్ళారా చూసి రండి. వేరుగా కూర్చోబెడితే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. రాయడం రానివాళ్ళు మా దగ్గరికి రండి. కూర్చుని రాద్దాం, మీరు చూస్తూ నేర్చుకోవచ్చు.