ఒకటో తేదీ

విశాఖపట్టణం శ్రమజీవుల నగరం. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం ఈ నగరానికి రెండు కన్నుల వంటివి. ఓడల నుండి సరుకు దింపినవారు, కొలిమి వేడిమికి ఓర్చి ఉక్కును కరగించినవారు, తెల్లవారకముందే వేటకు వెళ్ళినవారు, ఆ చేపలను తట్టలకెత్తుకొని వీధివీధికీ తిరిగి అమ్మినవారు కలిసి దీనిని నిర్మించారు. వీరిలో స్థిరమైన ఉద్యోగం ఉన్నవారికి వార్ధక్యంలో భవిష్యనిధి వంటి ఆసరా ఉంటుంది. దినకూలీకి, చేపలు అమ్మిన స్త్రీకి అటువంటిది లేదు. ఒంట్లో సత్తువ ఉడిగిననాడు వారి బ్రతుకు ఏమి కావాలి?

ఈ ప్రశ్నకు సమాధానం ప్రతినెలా ఒకటో తేదీ ఉదయం పెద్దజాలరిపేట వంటి వాడలలో కనిపిస్తుంది. ఆ రోజు వృద్ధులు పెందలకడనే లేచి, ముఖం కడుక్కొని, అరుగుల మీద కూర్చుంటారు. వార్డు సచివాలయ ఉద్యోగి చేతిసంచితో, వేలిముద్రల యంత్రంతో వస్తాడు. ఒకటో తేదీ ఆదివారమైతే ముందురోజే వస్తాడు. పేరు చూసి, వేలిముద్ర తీసుకొని, నాలుగు వేల రూపాయలు లెక్కపెట్టి చేతిలో పెడతాడు.

ఒక్కొక్కప్పుడు యంత్రం మొరాయిస్తుంది. ఏళ్ళ తరబడి ఉప్పులో, మంచుగడ్డలలో నానిన వేళ్ళపై గీతలు అరిగిపోయి ఉంటాయి. “మామ్మా, ఇంకొక్కసారి పెట్టు” అంటాడు ఉద్యోగి. “ఈ వేళ్ళు చేపలకే అరిగిపోనాయి బాబూ!” అంటుంది ముసలామె. నవ్వుతూనే అంటుంది కాని ఆమె చూపు యంత్రం మీదనే ఉంటుంది. ఆ నెల బియ్యం, మందులు, చిల్లర అప్పు అన్నీ ఆ చిన్న యంత్రం పలికే మాట మీద ఆధారపడి ఉన్నాయి. అటువంటివారికోసం కనుపాపను, ముఖాన్ని గుర్తించే పద్ధతులు తరువాత వచ్చాయి.

ఈ పింఛను ఒక్కనాటిలో రూపుదిద్దుకొన్నది కాదు. వృద్ధులకు, రోగులకు, అంగవైకల్యం గలవారికి ప్రభుత్వం తన శక్తిమేరకు తోడ్పడాలని భారత రాజ్యాంగంలోని 41వ అధికరణం నిర్దేశిస్తున్నది. 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2014 అక్టోబరులో వెయ్యి రూపాయలైన పింఛను, 2019 జనవరిలో రెండు వేలు, 2024 జనవరిలో మూడు వేలు, అదే సంవత్సరం జూలైలో నాలుగు వేలు అయింది. సాధారణంగా అరవై ఏళ్ళు నిండినవారు వృద్ధాప్య పింఛనుకు అర్హులు. మత్స్యకారులకు, చేనేత కార్మికులకు యాభై ఏళ్ళకే ఆ అర్హత కలుగుతుంది. ఆ వృత్తులు దేహాన్ని త్వరగా కృశింపజేస్తాయన్న గుర్తింపు ఈ నియమంలో ఉన్నది.

ధనం రాష్ట్ర ఖజానాదే అయినా, అది చేరవలసిన గడపను గుర్తించేది స్థానిక వ్యవస్థ. బలహీన వర్గాల ప్రయోజనాలను కాపాడడం పురపాలక సంఘాల విధులలో ఒకటిగా 74వ రాజ్యాంగ సవరణ పేర్కొన్నది. 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు ఏర్పడిన తరువాత, మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలోని వార్డులలో దరఖాస్తు తీసుకోవడం, విచారించడం, అర్హుల జాబితాను అందరికీ కనబడేటట్లు ప్రదర్శించడం ఆ సచివాలయాల పని అయింది.

అర్హతను నిర్ణయించే నియమాలు స్పష్టమైనవే. పట్టణాలలో కుటుంబ ఆదాయం నెలకు పన్నెండు వేల రూపాయలు మించరాదు. కుటుంబంలో ప్రభుత్వోద్యోగి ఉండరాదు. సొంతానికి నాలుగు చక్రాల వాహనం ఉండరాదు. విద్యుత్తు వాడకం నెలకు మూడువందల యూనిట్లు దాటరాదు. నిధులు పక్కదారి పట్టకుండా ఇటువంటి కట్టుబాట్లు ఉండవలసినదే. అయితే జీవితం అన్నివేళలా నియమాలలో ఇమడదు. ఇరుకు ఇంటిలో మూడు కాపురాలు ఒకే మీటరు మీద బ్రతుకుతుంటే ఆ మొత్తం వాడకం ఒక్క వృద్ధురాలి పేర పడవచ్చు. వేరే ఊరిలో ఉద్యోగం చేస్తూ తల్లిని పట్టించుకోని కొడుకు, కాగితాలలో మాత్రం ఆమె కుటుంబ సభ్యుడిగానే ఉండవచ్చు. 2025లో దివ్యాంగుల ధ్రువపత్రాలను తిరిగి పరిశీలించినప్పుడు నిజమైన అర్హులలో కొందరు కూడా నోటీసులు అందుకొని కలతచెందారు. వారికి అప్పీలు చేసుకొనే అవకాశం కల్పించవలసి వచ్చింది. అనర్హుడు ఒకడు జాబితాలో చేరితే ఖజానాకు కొంత నష్టం. అర్హుడు ఒకడు జారిపోతే ఒక పొయ్యి ఆరిపోతుంది. ఈ రెండు తప్పులూ సమానమైనవి కావు.

పంపిణీ చేసే తీరు కూడా ముఖ్యమే. 2020 ఫిబ్రవరి నుండి వాలంటీర్లు ఇంటింటికీ పింఛను అందించారు. 2024 ఎన్నికల సమయంలో వారిని ఆ పనినుండి తప్పించడంతో, ఏప్రిల్‌లో సచివాలయాలకు, మేలో బ్యాంకులకు ఎందరో వృద్ధులు మండుటెండలో నడిచి వెళ్ళవలసి వచ్చింది. ఆ జూలై నుండి సచివాలయ ఉద్యోగులే ఇళ్ళకు వెళ్ళి ఇస్తున్నారు. సహాయం ఎంత అన్నది ఎంత ముఖ్యమో, అది ఏ విధంగా చేరుతున్నదన్నదీ అంతే ముఖ్యమని ఆ రెండు నెలలు తెలియజేశాయి.

మహాభారతం సభాపర్వంలో నారదుడు ధర్మరాజును రాజనీతిని గురించి ఎన్నో ప్రశ్నలు అడుగుతాడు. అంధులను, మూగవారిని, కుంటివారిని, దిక్కులేనివారిని తండ్రివలె పోషిస్తున్నావా అన్నది వాటిలో ఒకటి. కోట, సైన్యం, కోశాగారాలతోపాటు ఈ ప్రశ్నకు కూడా రాజు సమాధానం చెప్పవలసి ఉన్నది. నేడు ఆ ప్రశ్నకు సమాధానం చెప్పవలసినవారు పాలకులు మాత్రమే కాదు. సంచి పట్టుకొని సందులలో తిరిగే చిరుద్యోగి, దరఖాస్తు నింపడం చేతకాని పొరుగింటి అవ్వకు సాయపడగల చదువుకొన్న యువకుడు, యువతి కూడా చెప్పవలసినవారే.

అరుగు మీద కూర్చున్న ఆ వృద్ధురాలు యాచించడం లేదు. యాభై ఏళ్ళు ఈ నగరానికి అన్నం పెట్టిన చేతిని ఆమె ముందుకు చాపుతున్నది.