ముందుసీటు

ఒరిజినల్ అను మాట చెవిని బడినంతనే నాకీ మధ్య ఒళ్లు మండుచున్నది. గత వేసవిలో బెంగుళూరునుండి వచ్చిన పాతకార్ల అభిమాని యొకడు, మడకశిరలో మా యింటి ముంగిట చింతచెట్టు క్రింద నిలిచియున్న మా నాయనగారి అంబాసిడరు మార్కు టూ బండిని చుట్టి చూచి, బానెట్టు లేపించి, టార్చిలైటు వేసి లోపలంతయు గాలించి, “ఇది ఒరిజినల్ కాదు సార్. డైనమో తీసి ఆల్టర్నేటర్ వేశారు, రంగు కంపెనీది కాదు, టైర్లు రేడియల్. ర్యాలీకి పెడితే మార్కులు రావు” అని తీర్పు చెప్పి, జేబులోని రుమాలుతో చేతులు తుడుచుకొనెను. బండి యెట్లు నడచునని యాయన యడుగలేదు. ఒక్కమారు కూర్చుండి చూచెదనని యనలేదు. ఆ అడుగకపోవుటయే నా మనస్సునకు మిక్కిలి కష్టము కలిగించినది.

ఆయన నొక్కనినే తప్పుపట్టి ప్రయోజనము లేదు. శాసనము కూడ ఆయన పక్షముననే యున్నది. 2021 జూలైలో కేంద్ర రవాణాశాఖ ప్రకటించిన నిబంధనలనుబట్టి, మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 సంవత్సరములు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజనులయందు చెప్పుకోదగిన మార్పు లేవియు పొందక, పుట్టినరూపముననే నిలిచియున్న సొంత వాహనమునకు వింటేజి హోదా లభించును. 20,000 రూపాయలు చెల్లించినచో పదేండ్ల రిజిస్ట్రేషనును, నంబరుపలకపై ‘వీఏ’ అను రెండక్షరముల గౌరవమును దక్కును. కాని యా గౌరవము దక్కిన నాటినుండి అది ప్రదర్శనలకును, ర్యాలీలకును, సాంకేతిక పరిశోధనకును, పెట్రోలు పోయించుకొనుటకును, మరమ్మతులకును తప్ప రోడ్డెక్కగూడదు. ఇన్నేండ్లు రూపము చెడకుండ కాపాడుకొన్న బండికి నడక మానుకొమ్మనుటయా బహుమానము! కదలని కారు ఎంత చక్కగా మెఱయుచున్నను దాని ప్రాణములో సగము పోయినట్లే యని నా నిశ్చితాభిప్రాయము.

కొన్ని కార్లకు ఆ విధి తగును, కాదనను. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములోని పసుపుపచ్చని రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టును చూచినవారు నా మాట గ్రహింపగలరు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ దానిని చేయింప నుద్దేశించి, అది తన కందకమునుపే 1911లో దివంగతుడయ్యెను. సింహాసనమువంటి పీఠముతో 1912లో రూపొందిన యా రథము రాజలాంఛనములకు తప్ప వీధికెక్కి యెఱుగదు. దానిలో ఒక్క మేకు మార్చినను అపచారమే. అది గర్భాలయములోని మూలవిరాట్టు. మా అంబాసిడరు ఉత్సవమూర్తి. ఎండలో దుమ్ములో ఊరూర తిరిగి, అలంకారము ఏటేట మార్చుకొని, జనులకు దర్శనమిచ్చుటయే దాని ధర్మము.

అదియునుగాక, అంబాసిడరునకు పుట్టినరూప మేదని యడిగిన ఏమి చెప్పుదురు? ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారముగా గొని హిందుస్థాన్ మోటార్స్ వారు వంగదేశములోని ఉత్తర్‌పాడాలో 1950ల తుదిని తయారుచేయ మొదలిడిన నాటినుండి, 2014 మే నెలలో ఆ కర్మాగారమున పని ఆగిపోవువఱకు, దాని ముందుజాలి మారినది, ఇంజను మారినది, డీజిలు వచ్చినది, పేరు ప్రక్కన మార్కులు మారినవి. కన్నవారే మార్చుకొనుచు వచ్చిన బండి మా మెకానిక్కు చేయి సోకినంతనే మైలపడిపోయిన దనుట ఏమి న్యాయము?

మా మెట్టసీమ కొక గుణమున్నది. కోస్తాలో ఉప్పుగాలికి కొలది యేండ్లకే చిల్లులు పడు రేకు, వాన ముఖమెఱుగని యీ పీఠభూమిలో తుప్పుపట్టక తరము మారువఱకు గట్టిగా నిలుచును. కాని రబ్బరు పగిలిపోవును, వైర్ల తొడుగు పెళుసెక్కి రాలును, నడివేసవి మధ్యాహ్నము పెట్రోలు ఆవిరియై దారిలోనే అడ్డుపడి బండి చెట్టు నీడయైనను లేనిచోట నిలిచిపోవును. అప్పుడు మా నాయన బానెట్టెత్తి, పెట్రోలు నందించు ఏసీ పంపునకు గుడ్డ చుట్టి, త్రాగుటకు తెచ్చుకొన్న చెంబునీటిని దానిపై కొద్దికొద్దిగా పోసి, అది చల్లబడువఱకు మాట్లాడక నిలుచుండెడివారు. నీటికి కటకటలాడు నేలలో దాహమునకు దాచుకొన్న నీటిని కారునకు పోసిన మనుష్యుని బండిలో, అట్లాగిపోకుండుటకై యొక చిన్న విద్యుత్ పంపును, రాత్రివేళ దీపములు మసకబారకుండుటకై యొక ఆల్టర్నేటరును నేను పెట్టించితినేని, అందులో ద్రోహమేమున్నదో నాకు బోధపడదు. పెట్రోలు ధర భరింపలేక మా ప్రాంతమున ఎందఱో తమ జీపులకును అంబాసిడరులకును డీజిలు ఇంజనులు ఎక్కించుకొన్నారు. కరవు కాలమున ఆ బండ్లే పెండ్లిండ్లకును, ఆసుపత్రులకును, సంతలకును జనులను చేరవేసినవి. ఆ మార్పులుకూడ చరిత్రయే.

ఇక మార్చరానిది యేది యందురా? ముందుసీటు. ఈ మాట నేనెందఱికి చెప్పితినో, ఎందఱు విని విసిగిరో లెక్కలేదు. అయినను మరల చెప్పుదును. ఆ కారులో గేరురాడ్డు నేలమీద లేదు, స్టీరింగునకు ఎడమప్రక్కన నున్నది. అందుచేత ముందు ఈ తలుపునుండి ఆ తలుపువఱకు ఒకటే సీటు, ముగ్గురు కలిసి కూర్చుండవచ్చును. 1990ల తొలినాళ్లలో ఇసుజు ఇంజనుతో వచ్చిన బండిలో గేరు నేలకు దిగినది, సీటు రెండు ముక్కలైనది. ఆ రెంటి నడుమ ఏర్పడిన సందును చూచినప్పుడెల్ల నాకు మనస్సు చివుక్కుమనును.

శివరాత్రికి మేము హేమావతికి పోయెడివారము. నొళంబరాజుల రాజధానియై ఒకనాడు హెంజేరను పేర వెలుగొందిన యా పల్లెలో సిద్ధేశ్వరుడు లింగాకృతిని గాక మానవాకృతిని కొలువున్నాడు. స్టీరింగువద్ద మా నాయన, తలుపు ప్రక్కన నేను, నడుమ మా జేజి, ఒడిలో టెంకాయల సంచి. గేరు మార్చినపుడెల్ల మా నాయన ఎడమచేయి ఆమె కొంగునకు తగులుచుండెడిది. “నిదానంగా పో నాయనా, దేవుడు యాడికీ పోడు” అని యామె యనెడిది. ఒక్కొక్కప్పుడు గేర్లు రెండును చిక్కుపడి రాడ్డు కదలకపోయెడిది. మా నాయన దిగి, బానెట్టెత్తి, స్టీరింగు రాడ్డు అడుగున నున్న రెండు చిన్న లివరులను చేతితో సర్దగా టక్కుమని చప్పుడయ్యెడిది. చేతికంటిన గ్రీజును రోడ్డు ప్రక్క మట్టితో రుద్దుకొని వచ్చి కూర్చుండెడివారు. ఆ వ్యవధిలో జేజి నాకు ఆ గుడిలోని నల్లరాతి స్తంభముల సంగతి చెప్పుచుండెడిది. నొళంబ శిల్పులు చెక్కిన యా హేమావతి స్తంభములలో కొన్ని మద్రాసు మ్యూజియమునకు చేరినవి. అచ్చట భద్రముగా నున్నవి, గీత చెరగలేదు, పెచ్చు రాలలేదు. కాని శివరాత్రినాడు వాని నానుకొని కూర్చుండి జాగరము చేయువారు లేరు. మా జేజి కీ విషయమున తీరని కోపముండెడిది. నాకును కలదు.

అట్లని అన్నిటిని మార్పవచ్చునని కాదు. లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రములపై ఎవడైన కొత్తరంగు పూయబోయినచో మొదట అడ్డుపడువాడను నేనే. ఆ గీత గీసిన చేయి మరల రాదు. కాని ఉత్తర్‌పాడా రంగునకును మా హిందూపురపు షెడ్డులో వేసిన రంగునకును అంతటి వ్యత్యాసమున్నదని నన్నొప్పింపవలదు.

మీ యింటనో, మీ బంధువుల కల్లములోనో టార్పాలిను క్రింద పాత అంబాసిడరో ఫియట్టో జీపో పడియున్నచో, గుజరీవానికి తూకమునకు అమ్మివేయకుడు. బ్రేకులు, వైర్లు, టైర్లు మీ మెకానిక్కు చెప్పినట్లు నిస్సంకోచముగా మార్పింపుడు. తీసిన డైనమోను, పాత కార్బురేటరును గోనెసంచిలో కట్టి అటకమీద పెట్టుడు. మీ తరువాతివారికి మరల బిగింప బుద్ధిపుట్టిన బిగించుకొందురు. వారమున కొకసారియైనను బండిని బయటికి తీసి పదిమందిని ఎక్కించుకొని తిరుగుడు. ముందుసీటును మాత్రము కోయింపకుడు.