సువార్తా? సుఖవార్తా?

కేట్ బౌలర్ రాసిన ‘ఎవ్రీథింగ్ హాపెన్స్ ఫర్ ఎ రీజన్’ (2018) అనే చిన్న పుస్తకాన్ని మొదటిసారి చదివినప్పుడు, బాగుందనుకొని అలమరలో పెట్టేశాను. ఇటీవల మళ్ళీ తీశాను. ఈసారి ఆ పుస్తకం నన్ను నిలదీసింది. అందుకు కారణం నా దగ్గరికి వైద్యానికి వచ్చిన ఒక పెద్దావిడ.

ఆమెది ఒంగోలు ప్రాంతం. కొడుకు దగ్గరికి అమెరికా వచ్చి ఇక్కడే ఉండిపోయారు. తెలుగు మాట్లాడే వైద్యుడు దొరికాడన్న సంతోషంతో నన్ను ‘బాబూ’ అని పిలిచేవారు. జబ్బు ముదిరిందని తెలిసిన కొన్నాళ్ళకు, మందుల సంగతి మాట్లాడుతుండగా, ఆదివారం మందిరానికి వెళ్ళడం మానేశానన్నారు.

“ఎందుకమ్మా?” అని అడిగాను.

“ఏ మొహం పెట్టుకొని వెళ్ళను బాబూ? నమ్మినవాళ్ళకి జబ్బులు రావంటున్నారు. నాకు వచ్చిందంటే నా విశ్వాసంలోనే ఏదో లోటుందనే కదా!”

నొప్పికి మందు రాయగలను. ఈ మాటకు ఏం రాయాలో తోచలేదు.

ఆమె వెళ్ళే సంఘానికి నేనూ ఒకటి రెండు సార్లు వెళ్ళాను. పెద్ద తెర, చక్కని సంగీతం, నవ్వించే ప్రసంగం. ఆనాటి అంశం మనలో నిద్రిస్తున్న శక్తిని మేల్కొలపడానికి అయిదు మెట్లు. ఉద్యోగంలో ఎదగడం గురించి, బిడ్డల్ని తీర్చిదిద్దుకోవడం గురించి వినదగిన మాటలే చెప్పారు. అయితే ఆ నలభై నిమిషాలలో పాపమన్న మాట వినబడలేదు, సిలువ ప్రస్తావన రాలేదు, మరణం అసలే లేదు. వేదిక మీది నుంచి ఏసు పేరు తీసేసినా ఆ ప్రసంగానికి ఏ నష్టమూ ఉండేది కాదు.

ఈ ధోరణి నిన్న పుట్టింది కాదు. న్యూయార్కులో పాస్టరుగా ఉన్న నార్మన్ విన్సెంట్ పీల్ 1952లోనే ‘ద పవర్ ఆఫ్ పాజిటివ్ థింకింగ్’ ప్రచురించాడు. జోయెల్ ఆస్టీన్ ‘యువర్ బెస్ట్ లైఫ్ నౌ’ 2004లో వచ్చింది. మరుసటి ఏడాదే ఆయన సంఘం హ్యూస్టన్‌లో ఒకప్పుడు బాస్కెట్‌బాల్ పోటీలు జరిగిన క్రీడాప్రాంగణంలోకి మారింది. ఈ సంప్రదాయపు చరిత్రను బౌలరే 2013లో ‘బ్లెస్డ్’ అనే పరిశోధన గ్రంథంగా రాసింది. అందులో ఎద్దేవా లేదు. పేదరికంతోనూ రోగంతోనూ పోరాడే మనుషులకు ఆ బోధ ఎందుకు ఊరటనిస్తుందో సానుభూతితో వివరించింది. ఆ తరువాత 2015లో, ముప్పయి అయిదేళ్ళ వయసులో, చంటిబిడ్డ తల్లిగా, తనకు నాలుగో దశ పెద్దపేగు క్యాన్సర్ ఉన్నదని తెలుసుకుంది. తాను పరిశోధించిన నమ్మకం తనలోనూ ఒక మూల దాగి ఉన్నదని, కష్టపడితే జీవితం మన చెప్పుచేతల్లో ఉంటుందని తానూ నమ్మానని రెండో పుస్తకంలో ఒప్పుకుంది.

ఆ ఒప్పుకోలు దగ్గరే నేను ఆగిపోయాను. ప్రసంగీకుడిని తప్పుపట్టడం తేలిక. మరి నేనో? ఎంతమంది రోగులకు ‘పాజిటివ్‌గా ఉండండి, సగం జబ్బు తగ్గిపోతుంది’ అని చెప్పి ఉంటాను! మనోధైర్యం ఉంటే చికిత్సను ఓర్చుకోవడం కొంత సులువు కావచ్చు. కణితి మాత్రం మన ఉత్సాహాన్ని లెక్కచేయదు. ఆ మాట చెప్పి నేను గది దాటి వెళ్ళాక, జబ్బు తగ్గనివాళ్ళు ఆ రెండో సగానికి తమనే నిందించుకొని ఉంటారు. తెల్లకోటు వేసుకొని నేను చేసిందీ అదే ప్రసంగం.

సువార్తకూ ఈ సుఖవార్తకూ తేడా ఇక్కడే కనిపిస్తుంది. సుఖవార్త నువ్వేం చేయాలో చెబుతుంది, కాబట్టి ఓడిపోతే తప్పు నీదే. సువార్త నీకోసం ఏం జరిగిందో చెబుతుంది. దాని నడిమధ్యన సిలువ మీద వేలాడిన మనిషి ఉన్నాడు. గెత్సేమనేలో ఆయన చేసిన ప్రార్థనకు గిన్నె తొలగిపోలేదు. విశ్వాసం ఉంటే బాధ రాదన్న సూత్రం ముందుగా తప్పేది ఆయన విషయంలోనే. యోబు మిత్రులు కూడా ఏడు రోజులు మౌనంగా పక్కన కూర్చున్నంతసేపు మంచి మిత్రులే. కారణాలు వెతకడం మొదలుపెట్టాకే చెడ్డారు.

తరువాతి సారి ఆమె వచ్చినప్పుడు క్లౌ దొర సంగతి ఎత్తాను. ఒంగోలులో పనిచేసిన ఆ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వకానికి కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించాడు. అయితే కరువు సాగినంత కాలం బాప్తిస్మం అడిగినవారిని ఆగమన్నాడు. అన్నం కోసం వచ్చారో, నమ్మి వచ్చారో తెలియాలన్నది ఆయన పట్టుదల. కరువు సడలాక, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆయన అన్నాన్ని చిన్నచూపు చూడలేదు, ముందు అదే పెట్టాడు. దాన్ని సువార్త అని మాత్రం పిలవలేదు.

ఆమె ముఖం వికసించింది. “ధాత కరువు కదా బాబూ! మా ముత్తవ్వ ఆ కాలవలో మట్టి మోసిందంట. ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్నాక బాప్తిస్మం తీసుకుందంట.” కాసేపు ఊరుకొని, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు: “విశ్వాసం లేకనే నీ బిడ్డలు పోయారని ఆమెతో ఎవరైనా అని ఉంటే, మా ఇంట్లో ఈ దేవుడు ఉండేవాడే కాదు.”

నేను జవాబు చెప్పలేదు. ఆ రోజు ఆమెకు నా జవాబు అవసరం లేదు.

ఆమె ఆ మందిరానికి తిరిగి వెళ్ళలేదు. నలుగురు తెలుగు ముసలమ్మలు వారానికొకసారి ఆమె ఇంట్లో చేరి పాత కీర్తనలు పాడుకుంటున్నారని కొడుకు చెప్పాడు. జబ్బు తగ్గలేదు, తగ్గుతుందని నేను చెప్పనూ లేదు. ఇప్పుడు అటువంటి రోగి ఎదురైతే కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చుంటున్నాను. ‘పాజిటివ్‌గా ఉండండి’ అన్న మాట మాత్రం మానుకున్నాను.